పొద్దుటి నెత్తురు

బెంచీకి ఈ చివర నేను, ఆ చివర ఆయన. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. అక్కడ నా సంచి పెట్టాను, ఆ చోటు సంచి కోసమే వదిలినట్టు. డాక్టరుగారు రౌండ్లలో ఉన్నారు, గంట పట్టొచ్చు, కూర్చోండి అని చెప్పి వెళ్ళిపోయిన కౌంటరు అమ్మాయి మళ్ళీ వచ్చి ఫ్యాను వేసి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీరు కలిసే వచ్చారా అని అడిగింది. ఆయన తలూపారు. నేనూ ఊపాను. కలిసే వచ్చాం, ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో. పై అంతస్తు ఇది, తలుపు మీద పరిశోధన విభాగం అని రాసుంది. కింద వార్డుల్లో ఉండే వాసన ఇక్కడ లేదు. కొత్త పెయింటు, స్పిరిటు, ఎవరో తిని చెత్తబుట్టలో పడేసిన నారింజ తొక్కలు. ఆ కింది వాసన తగిలితే ఏమైపోతానో అని మెట్లెక్కుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాను, అనవసరంగా. కారిడార్ చివర లిఫ్టు ఆగినప్పుడల్లా ఒక మూలుగు వినిపిస్తోంది, ఆయన తల పక్కకి వంచి వింటున్నారు. లిఫ్టు మెకానిక్కు కదా, ఏ మేడ ఎక్కినా మనుషులకంటే ముందు లిఫ్టుని పలకరిస్తారు. ఇదివరకైతే, దీనికి నూనె లేదు అని నాతో అనేవారు, నాకు చెప్తారేంటి వాళ్ళకి చెప్పండి అని నేననేదాన్ని, మా ఇద్దరి మధ్యా కూర్చుని గిలక నవ్వేది.

గిలక ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. అసలు పేరుతో బళ్ళో పిలిచేవాళ్ళు గాని ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నూతి గిలకలా పొద్దస్తమానం కిరకిరమంటూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది. పోయిన వానాకాలంలో మలేరియా వచ్చి ఇదే ఆసుపత్రిలో, కింద వార్డులో, కిటికీ పక్క మంచం మీద పోయింది. ఇరవై నాలుగేళ్ళు. పోయింది అని మనసులో ఇంత తేలిగ్గా అనుకోగలుగుతున్నాను, నోటితో మాత్రం ఇంతవరకూ అనలేదు. పనిలో ఎవరైనా అడిగితే మా ఆడపడుచు లేదండీ అంటాను, ఊళ్ళో లేదేమో అనుకుని వాళ్ళు ఊరుకుంటారు. మొన్న ఫోను వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి దగ్గర తీసుకున్న రక్తం గురించి మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళు రాగలరా అని. ఆయన ఫోను పెట్టేసి, వెళ్ళాలి అన్నారు. ఎవరు వెళ్ళాలో చెప్పలేదు. ఇవాళ అన్నాలు తిని ఇద్దరం చెప్పులు వేసుకున్నాం.

రక్తం గురించి ఇప్పుడు మాట్లాడేదేముంటుంది. ఎవరి రక్తమో మారిపోయిందంటారా, అది చచ్చిపోలేదంటారా, ఇలాంటి పిచ్చి ఆలోచనలు కూడా వచ్చాయి బస్సులో, కిటికీ ఊచ పట్టుకుని ఉంటే అది ఎండకి కాలి నా అరచేతికి తగులుతుంటే. నా అరచేతికి వేడి తెలుసు. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని నాది, దుప్పట్లూ దిండుగలీబులూ ఆవిరి మీద పడి తెల్లగా జారుతూ వస్తాయి, ఏది ఎంత కాలిందో చెయ్యి వెనకభాగం దగ్గరగా పెడితే చాలు చెప్పేస్తాను. గిలక నుదురు మీద చెయ్యి పెట్టి నూట మూడు అన్నాను మొదటిరోజు. అది థర్మామీటరు పెట్టుకుని చూసి, వదినా నువ్వేమైనా పాదరసం మింగావా, అంది. అంతకుముందు చలి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కోళ్ళు నేలమీద టకటకలాడేంత వణుకు. పళ్ళు కొట్టుకుంటూనే, నేను సెల్‌ఫోన్‌లా అయిపోయాను వదినా, ఎవరో వైబ్రేషన్‌లో పెట్టేశారు, అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తర్వాత ఒళ్ళంతా పెనం, తర్వాత చెమట, పరుపు పిండితే నీళ్ళు కారేంత చెమట, ఆ తర్వాత ఏమీ లేనట్టు లేచి కూర్చుని జడ వెయ్యమనడం. దాని పని మొక్కల నర్సరీలో. కుండీల కింద పళ్ళేల నిండా నీళ్ళు, ఎప్పుడూ తడి, ఎప్పుడూ దోమలు. అక్కడ కుట్టిందో, మా పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర కుట్టిందో ఎవరు చెప్పగలరు. ఆ తొట్టిని ఆయన బోర్లించేశారు. బకెట్లతో నీళ్ళు మోసుకుంటున్నాం గాని దాన్ని ఎవరమూ తిప్పలేదు.

నేను కాపురానికి వచ్చేసరికి దానికి పదకొండేళ్ళు. తల్లి లేదు. నా పెట్టె దింపగానే దాని మీదెక్కి కూర్చుని, నువ్వు ముందు మా అన్నయ్యకి పెళ్ళానివా, నాకు వదినవా, తేల్చు, అంది. నాకు అప్పటికి ఇరవయ్యే. నీకు వదిననే అన్నాను, ఆయన గుమ్మంలో నిలబడి అయితే నా సంగతేంటి అన్నారు. ఆ మాట మీద ఎన్నేళ్ళు నవ్వుకున్నామో. మామగారు ఏడాది తిరక్కుండానే పోయారు. దానికి లెక్కలు నేను చెప్పాను, నాకు వచ్చినంతవరకు, అక్కడితో దానికీ ఆగిపోయాయి. పెద్దపిల్లయినప్పుడు దాని భయం నేను పోగొట్టాను. దానికి అమ్మవారు పోసినప్పుడు గోక్కోకుండా రాత్రంతా చేతులు పట్టుకుని పడుకున్నాను. నాకు పిల్లలు లేరు. లేరని ఎవరైనా జాలి పడితే, ఉన్న ఒక్కదాంతోనే వేగలేక చస్తున్నాను అని అదే పక్కనుంచి నా గొంతుతో జవాబు చెప్పేది.

ఆసుపత్రిలో చేరిన మర్నాడు ఒక డాక్టరు వచ్చి, చికిత్సకి తీసేది కాకుండా ఇంకొంచెం రక్తం తీసుకోవచ్చా అని అడిగారు. ఇది మీ జబ్బుకి పనికొస్తుందని అబద్ధం చెప్పనమ్మా, ముందుముందు వచ్చేవాళ్ళ కోసం, మలేరియా ఎవరికి ముదురుతుందో రక్తాన్ని చూసి ముందే చెప్పగలమా అని చదువుతున్నాం, అన్నారు. నాకు ఇష్టం లేదు. ఇప్పటికే పాలిపోయి ఉంది, దీని దగ్గర ఇంకా తీస్తారా అనిపించింది. గిలక చెయ్యి చాపేసింది. పోనీలే వదినా, నేను తప్పిన చదువు నా నెత్తురైనా పాసవుతుందేమో. సూది గుచ్చిన నర్సు కూడా నవ్వింది. అలా రెండు మూడుసార్లు తీసుకున్నారు. ఆఖరిసారి, జబ్బు ముదిరిన ఆ రోజు పొద్దున. ఆ రోజు పొద్దున జ్వరం లేదు. స్లైడ్ మీద క్రిములు బాగా తగ్గాయని చెప్పారు. నా చేతికి దాని నుదురు చల్లగా, మామూలు మనిషి నుదురులా తగిలింది, ఆ చేతినే ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను, పనిలో కూడా రెండోసారి పెట్టి చూస్తున్నాను, పక్కన నిలబడే ఆవిడ ఏమైంది నీకు అంటోంది.

మధ్యాహ్నం అదే అంది, వదినా కంపు కొడుతున్నావు, ఇంటికెళ్ళి స్నానం చేసి రా, పక్క మంచంవాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకుంటున్నారు, కంపు నాదనుకుంటున్నారు. నిజమే, చేరినప్పటినుంచీ ఒంటిమీద అవే బట్టలు. వెళ్ళాను. తాళం తీశాను. నీళ్ళు పెట్టాను. అవి కాగేలోపు దాని బట్టలు రెండు జతలు మడతపెట్టాను, మడతలు సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాను, చేతి అలవాటు. ఈ ఏడాదిగా ఆ మడతలు విప్పుతూనే ఉన్నాను. చన్నీళ్ళు పోసుకుని ఉంటే. మడత ఎలాగున్నా సంచిలో కుక్కేసి ఉంటే. పాలు కాచి ఫ్లాస్కులో పోశాను, అవి పొంగితే పొయ్యి తుడిచాను, ఎందుకు తుడిచాను, పొయ్యి ఎవరు చూస్తారు. బస్సు ఎక్కి, దిగి, వార్డు తలుపు తోసేసరికి దాని మంచం చుట్టూ పచ్చ తెర లాగి ఉంది. తెర కిందనుంచి కాళ్ళు కనపడుతున్నాయి, చాలా కాళ్ళు, తెల్ల బూట్లు, ఒకరిద్దరు పరిగెత్తుతున్నారు. గొంతు వినపడలేదు. దాని గొంతు వినపడని చోటు నాకు అదే మొదటిసారి. ఫిట్సు వచ్చింది, మెదడుకి పాకింది అన్నారు. ఆ తెల్లారేలోపే అయిపోయింది.

ఆయన అప్పుడు ఇంకో ఊళ్ళో కొత్త మేడకి లిఫ్టు బిగిస్తున్నారు. జ్వరం అని ఫోను చేసినప్పుడు మలేరియానే కదా, మాత్రలకి తగ్గుతుంది, పని మధ్యలో వదిలి రాలేను అన్నారు. ఆసుపత్రిలో చేర్చానంటే రెండ్రోజుల్లో వస్తానన్నారు. వచ్చేసరికి దాని మొహం మీద దుప్పటి ఉంది. గోడకి చేరగిలబడి ఎంతసేపు నిలబడ్డారో, అంతా విని, నా వైపు చూడకుండా ఒకే ఒక్క మాట అన్నారు. నువ్వక్కడే ఉండి ఉంటే. అంతే, అది పూర్తి కూడా చెయ్యలేదు. అరిచుంటే అరిచేదాన్ని. కొట్టినా పడేదాన్నేమో. ఆ సగం మాట ఇంటికి తెచ్చుకున్నాం, అది మాతోనే తింటోంది, మాతోనే పడుకుంటోంది. ఆయన చెడ్డవారు కారు. ఈ ఏడాదిలో ఇంట్లో కారే కొళాయిలన్నీ బాగుచేశారు, కిరకిరలాడే తలుపులన్నిటికీ నూనె పోశారు, ఇంట్లో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. కూర బాగుందా అంటే బాగుంది అంటారు. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన రోజు కూడా బాగుంది అన్నారు, ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను.

కౌంటరు అమ్మాయి చెయ్యి ఊపుతోంది. లోపలికి రమ్మంటున్నారు. సంచి ఆయనే తీసుకున్నారు. అద్దం గోడ వెనకాల బీరువాల్లాంటి ఫ్రిజ్‌లు వరసగా, ఒకే శృతిలో గుర్రుమంటున్నాయి. ఇటు చిన్న బల్ల, మూడు కుర్చీలు. డాక్టరుగారిని గుర్తుపట్టాను. అప్పుడు చెయ్యి చాపిన గిలకతో మాట్లాడినాయనే, చెంపల దగ్గర తెల్లబడ్డారు. కూర్చోమని, నీళ్ళు తాగుతారా అని, వద్దన్నా వినకుండా గ్లాసుల్లో పోసి, అప్పుడు మొదలుపెట్టారు. మా మొహాలు చూడకుండా బల్ల అంచు చూస్తూ చెప్తున్నారు, పాఠం కాదు, ఏదో ఒప్పజెప్తున్నట్టు. రక్తనాళాల లోపలి గోడకి సన్నటి పొర ఉంటుందట. క్రిములున్న కణాలు రక్తంలో తిరగడం మానేసి ఆ పొరకి అతుక్కుపోతాయట. అందుకే వేలు గుచ్చి తీసిన చుక్కలో తక్కువ కనపడతాయి, మేము తగ్గిపోయిందనుకుంటాం, అవి లోపల నక్కి ఉంటాయి. అప్పుడు ఆ పొర దెబ్బతిని ఒక ప్రొటీన్‌ని రక్తంలోకి వదులుతుంది. బయోమార్కర్లంటాం, సూచికలనుకోండి. మనిషి కూర్చుని కబుర్లు చెప్తున్నా సరే, అది పెరుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ దాచిన రక్తాలన్నీ ఇప్పుడు పరీక్ష చేశాం. మీ అమ్మాయిది ఆ రోజు పొద్దున తీసిందాంట్లో, అని ఆగారు. చాలా ఎక్కువుందమ్మా.

పొద్దున. నా చేతికి చల్లగా తగిలిన పొద్దున. నేను తాళం తియ్యక ముందు, నీళ్ళు పెట్టక ముందు, మడతలు విప్పక ముందు. నా మీద నుంచి ఏదో లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, లేవలేదు. అంటే అది నన్ను కంపు కొడుతున్నావని వేళాకోళం చేస్తున్నప్పుడే దాని లోపల గోడలు దెబ్బతింటున్నాయా. ఆ లోపల దానికేమైనా తెలిసిందా, నెప్పెట్టిందా, చెప్పకుండా నవ్విందా.

ఆయన గొంతు వినపడింది. ఏడాదిగా బాగుంది అనే మాటకే వాడుతున్న గొంతు, తుప్పుపట్టినట్టుంది.

“ఈవిడ ఆ పూట అక్కడే ఉండి ఉంటే, డాక్టరుగారూ?”

అడిగేశారు. ఇంట్లో సగంలో ఆగిపోయిన మాట ఇక్కడ, పరాయివాళ్ళ ముందు, పూర్తయింది. తల దించుకుని నా వేళ్ళు చూసుకున్నాను, ఆవిరి మచ్చలు, ఒక గోరు నల్లబడి ఉంది.

“నేనున్నానండీ,” అన్నారు డాక్టరుగారు.

అర్థం కాలేదు. మా ఆయనకీ కాలేదనుకుంటాను, ముందుకి వంగారు.

“ఈవిడ వెళ్ళాక నేనే వెళ్ళాను ఆ మంచం దగ్గరికి. ఆ రోజు హడావిడిలో చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాను. అది చూసి, డాక్టరుగారూ, మీరే వంకరగా ఉన్నారా, నాకే అన్నీ వంకరగా కనపడుతున్నాయా అంది. నాకు నవ్వొచ్చింది. గుండీ సరిచేసుకుని, రేపో ఎల్లుండో పంపించేస్తాంలే నిన్ను, అని పక్క మంచానికి వెళ్ళాను.” గ్లాసు పట్టుకున్నారు గాని తాగలేదు. “అడగాల్సింది. నిజంగా అలా కనపడుతున్నాయా అని అడగాల్సింది. చదువుకున్నవాణ్ణి, దీని మీదే పని చేస్తున్నవాణ్ణి, ఎదురుగా నిలబడి వినీ నాకు తెలీలేదండీ. ఈవిడ ఉండి ఉంటే ఈవిడా నవ్వేవారు.”

“తెలిసి ఉంటే బతికేదా?” ఈసారి నా గొంతు.

“బతికేదని చెప్పలేనమ్మా. బతకదనీ చెప్పలేను. ఇంత ఎక్కువున్నవాళ్ళలో కొందరు బతికారు. తెలిసి ఉంటే ఐసీయూకి మార్చేవాళ్ళం, కళ్ళల్లో పెట్టుకుని చూసేవాళ్ళం. అంతవరకే చెప్పగలను.”

అద్దం వెనక గుర్రుమనే చప్పుడొక్కటే. వంకరగా కనపడుతున్నాయా. అది ఆ గొంతుతో ఎలా అనుంటుందో నాకు వినపడుతోంది, చివర కొంచెం సాగదీసి, ఒక కనుబొమ్మ ఎత్తి. నేనుంటే నవ్వేదాన్నే. నెత్తిన ఒక్కటిచ్చి పెద్దవాళ్ళతో అలాగేనా అనేదాన్ని. దానికి ఏ బాధైనా నవ్వులాటగా తప్ప నోట్లోంచి రాదు, పదమూడేళ్ళు పెంచిన నాకే తెలీనిది డాక్టరుగారికేం తెలుస్తుంది. ఆ డాక్టరు మీద కోపం రావాలి, ఎంత వెతుక్కున్నా రాలేదు. ఆ మనిషి ఒక్కరే దాని ఆఖరి హాస్యం దాచుకున్నారు ఇన్నాళ్ళూ, చెప్పుకోడానికి ఎవరూ లేక.

పిలిచింది ఇందుకు కాదన్నారు డాక్టరుగారు. అంటే ఇందుకూ పిలిచాను, కానీ అడగాల్సింది ఇంకోటుంది. ఆ అమ్మాయి రక్తం ఇంకా కొంచెం మిగిలింది. మంచం పక్కనే ఒక్క చుక్కతో ఈ ప్రొటీన్ తెలిసిపోయే పరీక్ష తయారుచెయ్యాలని చూస్తున్నాం, దానికి వాడుకోవచ్చా. వద్దంటే మర్యాదగా పారేస్తాం, బలవంతం ఏమీ లేదు. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు చెప్పాలి, ఆ అమ్మాయి అన్నగారిగా మీరు.

ఆయన చాలాసేపు అద్దం వైపు చూశారు. తర్వాత తల నా వైపు తిప్పారు. ఏడాదిలో నన్ను నేరుగా చూడటం, కళ్ళు కలిపి చూడటం అదే.

“దాన్ని పెంచింది ఈవిడ,” అన్నారు. “ఈవిడ్నే అడగండి.”

ఎంతుంది అని అడిగాను. చెంచాడు కూడా ఉండదట. చూడొచ్చా అన్నాను. డాక్టరుగారు లేచి, మందపాటి తొడుగులు వేసుకుని, అద్దం వెనక్కి వెళ్ళి ఒక తలుపు తీశారు, తెల్లటి పొగ కాళ్ళ మీదికి జారింది. నా చిటికెన వేలంత గొట్టం, మంచు పట్టి ఉంది, అద్దానికి ఆనించి పట్టుకుంటే మంచులోంచి అడుగున పసుపుపచ్చగా ఏదో కనిపించింది. ఎర్రగా లేదేం అనుకున్నాను, ఎరుపు తీసేసి పైన తేరింది దాస్తారని తర్వాత చెప్పారు. ఎక్కువసేపు బయట ఉంచితే పాడైపోతుందని డాక్టరుగారి చేతులే చెప్తున్నాయి. నా చెయ్యి అద్దం దాకా వెళ్ళింది. వెచ్చబెడదామనిపించింది, అంత చలిలో. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. లోపల పెట్టెయ్యండి, వాడుకోండి, అన్నాను. అద్దంలోంచి వినపడిందో లేదో, ఆయన తలూపి తలుపు మూసేశారు.

కిందికి మెట్ల మీదే దిగాం. మలుపు దగ్గర ఆయన ఆగిపోయి, మెట్ల రెయిలింగు పట్టుకుని, అలాగే మెట్టు మీద కూలబడ్డారు. కళ్ళు తిరుగుతున్నాయా అని నేను వంగాను, భయమేసింది, ఈసారి నిజంగా అడిగాను. కాదన్నట్టు చెయ్యి ఊపారు.

“ఆ పూట నువ్వు లేవు,” అన్నారు. “నేను అసలే లేను.”

పోనీలెండి అని నేననలేదు. అనాలనిపించలేదు, అబద్ధం అవుతుంది. పై మెట్టు మీద ఆయన, కింది మెట్టు మీద నేను కూర్చున్నాం, ఆయన మోకాలు నా భుజానికి తగులుతూ. కిటికీలోంచి పొద్దువాటారిన ఎండ మెట్ల మీద పడుతోంది, వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుంటూ వెళ్తున్నారు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాళ్ళని ఎవరూ వింతగా చూడరు. చాలాసేపటికి మొహం తుడుచుకుని అడిగారు.

“ఆ రోజు అదేం తింది?”

ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగని మాట. నాకు వెంటనే గుర్తొచ్చింది, నిన్న జరిగినంత స్పష్టంగా.

“బొప్పాయి. పక్క మంచం పెద్దావిడ కోసిచ్చింది. తీపి లేదని మొహం చిట్లించి, ఆవిడ చూస్తుంటే అబ్బ ఎంత తీపో అంది. ఆవిడ నమ్మేసి ఇంకో రెండు ముక్కలు పెట్టింది. నాకేసి చూసింది, తప్పించమని. నేను తప్పించలేదు. అన్నీ తింది.”

ఆయన ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది, నవ్వే అయ్యుంటుంది. ఎవరో జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని గబగబా పైకి వస్తుంటే ఇద్దరం గోడవైపు ఒరిగి దారిచ్చాం. వాళ్ళు దాటిపోయాక ఆయన, ఇంకా, అన్నారు. చెప్పాను.